ముద్ర, సంతకము, ప్రమాణము: మద్రాసు రసాయన పరీక్షశాల మొదలు నేటి ప్రమాణ సంస్థల వరకు

ఆంధ్రేతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా దేవాలయ శాసనములను, వలస గాథలను, మగ్గములను, పాఠశాలలను, పత్రికలను ఆధారముగా గ్రహించుచుందురు. న్యాయస్థానముల వైపు దృష్టి సారించుట అరుదు. కాని ఒక ప్రజాసమూహము ప్రభుత్వమును మిక్కిలి దగ్గరగా, మిక్కిలి భయముతో ఎదుర్కొను చోటు న్యాయస్థానమే. పరభాషా ప్రాంతమున బోనులో నిలుచున్న తెలుగువానికి ప్రాణము దక్కునో, పోవునో తేల్చు సాక్ష్యములలో పరీక్షశాల నివేదిక యొకటి. ఆ నివేదికను ఎవరు వ్రాసిరి, ఏ యోగ్యతతో వ్రాసిరి, వ్రాసినవానిని పరీక్షించువారెవరు అను ప్రశ్నలకు కాలక్రమమున లభించిన సమాధానములే ఫోరెన్సిక్ శాస్త్రమని నేడు వ్యవహరింపబడు నేర పరిశోధన శాస్త్రమునకు సంబంధించిన వృత్తి సంఘములు, అర్హతాంగీకార సంస్థలు, ప్రమాణ సంస్థలు.

ఈ చరిత్రకు మూడు ఘట్టములు కలవు. మొదటి ఘట్టమున విశ్వాసమంతయు సీసాపై వేసిన లక్క ముద్ర మీద నిలిచెను. రెండవ ఘట్టమున అది ప్రభుత్వోద్యోగి సంతకము మీదికి మారెను. మూడవ ఘట్టమున పరీక్షా విధానమునకు ఏర్పడిన ప్రమాణము మీదికి మారుచున్నది. ఈ మార్పు నేటికిని పూర్తి కాలేదు.

1. మద్రాసు పరీక్షశాల

1849వ సంవత్సరమున మద్రాసు నగరమున ఆరోగ్యశాఖ క్రింద రసాయన పరీక్షకుని పరీక్షశాల స్థాపింపబడెను. భారతదేశమున ఈ తరగతి సంస్థలలో ఇదియే మొదటిది. తరువాత కలకత్తాలో 1853లోను, ఆగ్రాలో 1864లోను, బొంబాయిలో 1870లోను ఇట్టివి వెలసెను. ఐరోపాలో విషరసాయన శాస్త్రము అప్పుడప్పుడే గట్టిపడుచుండెను. పాషాణమును అతి స్వల్ప పరిమాణమున సైతము పట్టియిచ్చు మార్ష్ పరీక్ష 1836లోను, దానికంటె సులభమగు రైన్ష్ పరీక్ష 1841లోను వెలువడినవి. వెలువడి రెండు దశాబ్దములైనను నిండకముందే ఆ విద్యకు మద్రాసులో ఒక నెలవు ఏర్పడినదన్నమాట.

నాటి మద్రాసు రాజధాని విస్తీర్ణమును జ్ఞప్తికి తెచ్చుకొనిననే ఈ సంస్థకు తెలుగువారితో గల సంబంధము బోధపడును. ఉత్తరమున గంజాము మొదలు దక్షిణమున తిరునెల్వేలి వరకు, పడమట బళ్లారి, మలబారు వరకు గల జిల్లాలన్నియు ఈ రాజధానిలోనివే. నేడు ఒడిశాలోనున్న బరంపురము తెలుగువారును, విశాఖపట్టణము జిల్లాకు చేరియుండిన జయపురము సంస్థానపు తెలుగువారును, నేడు కర్ణాటకములోనున్న బళ్లారి తెలుగువారును, సేలము జిల్లాలోని హోసూరు తెలుగువారును, మధుర, తిరునెల్వేలి ప్రాంతములలోని నల్లరేగడి భూములలో స్థిరపడిన తెలుగు రైతులును అందరు ఈ ఒక్క పాలన క్రిందనే యుండిరి. నేడు మూడు, నాలుగు రాష్ట్రములలో చెదరియున్న తెలుగు సమూహములకు అనుమానాస్పద మరణము సంభవించినప్పుడు చేరవలసిన గడప ఒక్కటే యుండెను.

ఈ పరీక్షశాలలకు వచ్చిన విషములు పల్లె జీవితమునకు కొత్తవి కావు. పాషాణము, నల్లమందు, ఉమ్మెత్త, గన్నేరు, నాభి, ముష్టి గింజ అను పేర్లు ఇంటింట తెలిసినవే. బాటసారులకు ఉమ్మెత్త గింజలు ఆహారమున కలిపి పెట్టి, స్మృతి తప్పించి దోచుకొనుట నాటి నేరములలో ప్రసిద్ధమైనది. గురివింద గింజలను నూరి సూదులుగా చేసి, ఎండబెట్టి, పశువుల చర్మములో గ్రుచ్చి చంపు పద్ధతియు భారతీయ విషశాస్త్ర గ్రంథములన్నిటను వర్ణింపబడియున్నది. గురివిందను తూకమునకు వాడిన దేశమిది. దానినే పగకును వాడిరి. పశువు చచ్చిన రైతునకు న్యాయము కావలెనన్నను, పగవాడని పేరుపడినవానిపై అపవాదు తొలగవలెనన్నను రసాయన పరీక్షయే శరణ్యమయ్యెను.

2. లక్క ముద్ర

పరీక్షశాలకు వస్తువు చేరు మార్గము ఆసక్తికరమైనది. శవపరీక్ష చేసిన వైద్యుడు జీర్ణాశయమును దానిలోని పదార్థముతోను, కాలేయములో ఒక భాగమును, మూత్రపిండమును వేర్వేరు సీసాలలో నుంచవలెను. ఉప్పు సంతృప్త ద్రావణమునుగాని, శుద్ధి చేసిన మద్యసారమునుగాని నిలువకై పోయవలెను. మద్యసారమువలననే మరణము కలిగెనని అనుమానమున్నచో మద్యసారము పోయరాదు. ఏ ద్రావణము పోసిరో దాని నమూనాను వేరొక సీసాలో పంపవలెను. ఏలయనగా, విషము ఆ ద్రావణములోనే లేదని నిరూపింపవలసియుండును. పిమ్మట బిరడాలు బిగించి, లక్కతో ముద్ర వేసి, ఆ ముద్ర నమూనాను వేరుగా జతపరచి, ఒక రక్షకభటుని చేతికిచ్చి పంపవలెను. ముద్ర చెదరక వచ్చెనా, నమూనాతో సరిపోయెనా అని చూచిన తరువాతనే పరీక్షకుడు సీసా తెరచును.

ఈ నియమములలోనే తరువాతి ప్రమాణముల బీజములన్నియు కలవు. నమూనా ద్రావణమును పంపుట అనగా నేటి శాస్త్రజ్ఞులు కంట్రోలు అను పోలిక పరీక్ష. ముద్రను సరిపోల్చుట అనగా వస్తువు చేతులు మారిన క్రమమును నిరూపించుట. కాని ఒక్క లోపము కలదు. వస్తువు దారిలో చెడలేదని ముద్ర చెప్పగలదు. లోపల జరిగిన పరీక్ష సరియైనదని అది చెప్పజాలదు.

రక్తపు మరకల విషయమున ఈ దూరము మరింత పెరిగెను. మరక రక్తమేనా అని రసాయన పరీక్షకుడు తేల్చును. అది మనుష్యునిదా, పశువుదా అని తేల్చుటకు 1901లో ఉలెన్‌హూత్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు కనుగొనిన అవక్షేప పరీక్ష కావలెను. దీనికై 1910లో కలకత్తాలో సీరాలజీ శాఖ ఏర్పడెను. అప్పటినుండి నెత్తురు మరకల వస్త్రము మొదట రసాయన పరీక్షకుని యొద్దకును, పిమ్మట కలకత్తాలోని ఇంపీరియల్ సీరాలజిస్టు యొద్దకును పోవు ఆచారము నెలకొనెను. దక్షిణాది పల్లెలో వేటను కోసినప్పటి మరకయే అని మొరపెట్టుకొను నిందితుని మాట నిజమో కాదో వందల మైళ్ల దూరమున, అతడెన్నడును చూడని వ్యక్తి తేల్చవలసియుండెను.

3. సంతకమునకు వచ్చిన బలము

1872 నాటి భారత సాక్ష్య చట్టము 45వ సెక్షను నిపుణుని అభిప్రాయమును సాక్ష్యముగా అంగీకరించెను. ఎవడు నిపుణుడు అను దానికి ప్రత్యేక నైపుణ్యము కలవాడని మాత్రమే చెప్పి, ఆ నైపుణ్యమును తూచు బాధ్యతను న్యాయమూర్తికి విడిచెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 510వ సెక్షను మరి యొక అడుగు వేసెను. ప్రభుత్వ రసాయన పరీక్షకుడు లేక సహాయ పరీక్షకుడు సంతకము చేసిన నివేదికను, అతనిని సాక్షిగా పిలువకయే, విచారణలో సాక్ష్యముగా ఉపయోగింపవచ్చునని విధించెను. ఒక్క పరీక్షకుడు రాజధానిలోని జిల్లా కోర్టులన్నిటికి తిరుగుట అసాధ్యమగుటచే ఈ ఏర్పాటు అవసరమయ్యెను. అవసరము వాస్తవమే. దాని ఫలితమును వాస్తవమే.

ఆ ఫలితము పరభాషా ప్రాంతమునందలి తెలుగువానికి ఎట్లు తగిలెనో చూడవలెను. నిందితునికి అర్థముకాని భాషలో సాక్ష్యము చెప్పబడినయెడల దానిని అతనికి తెలిసిన భాషలో బహిరంగ న్యాయస్థానమున అనువదింపవలెనని ఆ కోడులోనే 361వ సెక్షను ఆజ్ఞాపించెను. కాని అదే సెక్షనులో మరియొక వాక్యము కలదు. పత్రములు రుజువుకై దాఖలైనప్పుడు అందులో ఎంత అవసరమని తోచునో అంత మాత్రము అనువదించుట న్యాయస్థానము ఇష్టమునకు విడువబడెను. ఈ రెండు సెక్షనులను కలిపి చదివినయెడల స్థితి స్పష్టమగును. పొరుగువాడు చెప్పిన సాక్ష్యమును నిందితునికి తెలుగులో వినిపింపవలెను. తన మెడకు ఉరి బిగింపగల ఆంగ్ల నివేదికను వ్రాసినవాడు న్యాయస్థానమునకు రానక్కరలేదు. అది పత్రము గనుక, దానిని పూర్తిగా అనువదింపవలెనను నిర్బంధమును లేదు. దుర్బుద్ధి చేతగాక సౌకర్యము కొరకే చేసిన రెండు నియమములు కలిసి ఒక మౌనమును సృష్టించినవి.

1955లో ఆ 510వ సెక్షను సవరింపబడెను. ప్రాసిక్యూషను గాని నిందితుడు గాని కోరినచో న్యాయస్థానము ఆ పరీక్షకుని పిలిపించి విచారించి తీరవలెనని చేర్చిరి. ఇది గొప్ప రక్షణ. అయితే 1973 నాటి నూతన కోడులో ఆ సెక్షను 293వదిగా మారినప్పుడు ఈ నిర్బంధము తొలగి, న్యాయస్థానము ఉచితమని తలంచినచో పిలువవచ్చునను మాట మాత్రము మిగిలెను. పైగా నివేదిక మాత్రమే చాలునను గౌరవము రసాయన పరీక్షకునితోపాటు ప్రేలుడు పదార్థముల ప్రధానాధికారి, వ్రేలిముద్రల కార్యాలయపు డైరెక్టరు, బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూటు డైరెక్టరు, కేంద్ర రాష్ట్ర పరీక్షశాలల డైరెక్టర్లు, ప్రభుత్వ సీరాలజిస్టు మున్నగువారికి లభించెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షనులోను ఈ ఏర్పాటే కొనసాగినది.

4. ఎల్లలు మారుట

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా గంజాము జిల్లాలో అధిక భాగమును, జయపురము సంస్థానమును మద్రాసు నుండి విడిపోయెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించిన నాడే, జస్టిస్ మిశ్రా నివేదిక ననుసరించి, బళ్లారి తాలూకాతో సహా బళ్లారి జిల్లాలో అధిక భాగము మైసూరు రాష్ట్రమున చేరెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చెను. మద్రాసు నగరము తమిళులకు దక్కెను. నూరేండ్లు ఒకే పరీక్షశాల పరిధిలో నుండిన తెలుగు సమూహములు ఈ విధముగా వేర్వేరు పరీక్షశాలల పరిధిలోనికి పోయెను. తెలుగువారు తెచ్చుకొనిన ఆంధ్ర రాష్ట్రమునకు ఆ తొలి పరీక్షశాల దక్కలేదు. అది మద్రాసులోనే నిలిచెను.

మహారాష్ట్రమునకు వలసపోయిన తెలుగువారి అనుభవము వేరు. షోలాపురము పద్మశాలీలును, బొంబాయిలో కామాఠీలని పేరుపడిన తెలుగు శ్రామికులును మొదటినుండి బొంబాయి రసాయన విశ్లేషకుని పరిధిలోనివారు. ఆ పదవినధిష్ఠించిన ఐ. బి. లయన్ గ్రాంటు వైద్య కళాశాలలో రసాయన శాస్త్రాచార్యుడుగా నుండి, భారతదేశమునకు అనువగు వైద్య న్యాయశాస్త్ర గ్రంథమును రచించెను. ఆ గ్రంథము అనేక కూర్పులు పొంది, చాలకాలము వైద్యులకును న్యాయవాదులకును చేతిపుస్తకమై నిలిచెను. ప్రమాణ సంస్థలు లేని దినములలో అట్టి పాఠ్యగ్రంథములే ప్రమాణముల పని చేసినవి.

యానాము కథ అన్నిటికంటె భిన్నము. తూర్పు గోదావరి నడుమ నున్న ఈ చిన్న తెలుగు పట్టణము ఫ్రెంచి న్యాయము క్రింద నుండెను. ఫ్రెంచి పద్ధతిలో దర్యాప్తు న్యాయాధికారియే నిపుణుని నియమించును. నిపుణుడు పోలీసు పక్షపువాడు గాక న్యాయస్థానపు మనిషి యగును. బెర్తియోఁ శరీరపు కొలతలచే నేరస్థుని గుర్తించు విధానమును కల్పించినదియు, 1910లో ఎడ్మండ్ లొకార్ లియోఁ నగరమున పోలీసు పరీక్షశాలను స్థాపించినదియు ఆ ఫ్రాన్సులోనే. 1954 జూన్ 13న యానాము విముక్తి పొందెను. అదే సంవత్సరము నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న న్యాయతః విలీనము పూర్తియయ్యెను. 1963లో భారత శిక్షాస్మృతియు, క్రిమినల్ ప్రొసీజరు కోడును ఆ ప్రాంతమునకు విస్తరింపబడెను. గోదావరికి ఈ యొడ్డున ఒక విధముగాను, ఆ యొడ్డున ఒక విధముగాను నిపుణుని స్థానము నిర్ణయింపబడిన కాలమును ఒకే తరము తెలుగువారు చూచిరి.

5. వృత్తి సంఘములు

సంతకము చేయు అధికారి యోగ్యతను నిర్ణయించునది ప్రభుత్వ నియామకమే అను భావము చాలకాలము నడచెను. తోటి నిపుణులే యోగ్యతను నిర్ణయింపవలెనను భావము వ్రేలిముద్రల శాస్త్రముతో బలపడెను. ఈ శాస్త్రమునకు భారతదేశము పుట్టినిల్లన్నను తప్పులేదు. 1858లో విలియం హెర్షెల్ వంగదేశమున ఒక ఒప్పంద పత్రముపై అరచేతి ముద్రను వేయించెను. 1897లో కలకత్తాలో ప్రపంచమునందే మొదటి వ్రేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. ఎడ్వర్డు హెన్రీ పేరుతో ప్రసిద్ధమైన వర్గీకరణమునకు గణితపు కూర్పు చేసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయ ఉద్యోగులు. 1899 నాటి ఐదవ చట్టముచే సాక్ష్య చట్టము 45వ సెక్షనులో వ్రేలిముద్రలు చేర్చబడెను.

1915లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఓక్లండు నగరమున గుర్తింపు నిపుణుల సంఘము ఏర్పడి, తరువాత అంతర్జాతీయ సంఘమయ్యెను. 1948లో అమెరికన్ ఫోరెన్సిక్ శాస్త్రముల అకాడమీ తొలి సమావేశము సెయింట్ లూయీ నగరమున జరిగెను. బ్రిటనులో 1959లో ఫోరెన్సిక్ సైన్సు సొసైటీయు, భారతదేశమున 1960లో భారతీయ ఫోరెన్సిక్ శాస్త్రముల అకాడమీయు స్థాపితములయ్యెను. మన దేశమున రాష్ట్ర పరీక్షశాలలలో మొదటిది 1952లో కలకత్తాలో వెలసెను. కేంద్ర పరీక్షశాల 1957లో అచ్చటనే ప్రారంభమయ్యెను. 1960 తరువాతి దశాబ్దమున హైదరాబాదునకు కేంద్ర పరీక్షశాల వచ్చెను.

ఈ సంఘములు పత్రికలు నడిపెను, సభలు జరిపెను, యోగ్యతాపత్రములిచ్చెను. అభిప్రాయభేదములను వెలికి తెచ్చుట వాటి ముఖ్యమైన మేలు. రెండు ముద్రలు ఒకే వ్రేలివని చెప్పుటకు ఎన్ని గుర్తులు కలియవలెను? పండ్రెండు స్పష్టమైన గుర్తులు కలిసినచో సందేహము లేదని లొకార్ 1914లో చెప్పెను. పెక్కు దేశములు ఏదో ఒక సంఖ్యను పట్టుకొనెను. 1973లో అంతర్జాతీయ గుర్తింపు సంఘము, ముందుగా నిర్ణయించిన కనీస సంఖ్యకు శాస్త్రీయాధారము లేదని తీర్మానించెను. వృత్తి సంఘము తన పునాదిని తానే ప్రశ్నించుకొనగలుగుట ఆరోగ్య లక్షణము.

6. ప్రమాణమను మూడవ ఘట్టము

నిపుణుడు మంచివాడైనంత మాత్రమున పరీక్షశాల మంచిదని చెప్పరాదు. ఈ గ్రహింపుతో 1974లో అమెరికా నేర పరీక్షశాలల డైరెక్టర్ల సంఘము ఏర్పడెను. దాని అర్హతాంగీకార మండలి 1982లో ఇల్లినాయి రాష్ట్ర పోలీసు పరీక్షశాలలకు తొలి అంగీకారమిచ్చెను. ఆ మండలి 2016లో అమెరికా జాతీయ అర్హతాంగీకార మండలిలో విలీనమయ్యెను. ఐరోపా పరీక్షశాలలు 1995లో ఒక సమాఖ్యగా ఏర్పడినవి. సర్వవిధ పరీక్షశాలలకు 1978లో వెలువడిన గైడ్ 25 అను మార్గదర్శకము 1999లో ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17025 అను అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. అది 2005లోను, 2017లోను సవరింపబడెను.

ఈ ప్రమాణము కోరునదేమి? వాడు పద్ధతి సరియైన ఫలితమిచ్చునని ముందుగా రుజువు చేయవలెను. తూనికలు, కొలతలు జాతీయ, అంతర్జాతీయ మూలమానములతో సరిచూడబడియుండవలెను. ఫలితముతోపాటు అందులోని అనిశ్చితి యెంతయో తెలియవలెను. పరీక్షకునికి తెలిసిన జవాబు లేని నమూనాలనిచ్చి అతని నేర్పును పరీక్షింపవలెను. మరియొకడు చదివి ఆ పనినే తిరిగి చేయగలిగినంత వివరముగా లెక్కలు వ్రాయవలెను. అన్నిటికంటె మించి, పరీక్షశాల ఎవరి ఒత్తిడికిని లోబడరాదు. ఈ షరతులు నెరవేరినవో లేదో బయటి సంస్థ వచ్చి చూచి, ఏ పరీక్షకు ఆ పరీక్షకే అంగీకారమిచ్చును. కావున ఒక పరీక్షశాలకు అంగీకారము కలదనుట చాలదు. వివాదములోనున్న పరీక్షకు కలదా అనునదే ప్రశ్న.

భారతదేశమున ఈ పని చేయు సంస్థ ఎన్.ఏ.బి.ఎల్. అని పిలువబడు పరీక్షశాలల జాతీయ అర్హతాంగీకార మండలి. ఇది 1998లో సంఘముగా నమోదైనది, నేడు భారత గుణవత్తా మండలిలో అంగము. 2000లో ఇది అంతర్జాతీయ పరస్పరాంగీకారపు ఒడంబడికలో చేరినది. దీని అంగీకారము గల పరీక్షశాల ఫలితము ఒడంబడికలోని ఇతర దేశములలోను చెల్లును.

ప్రమాణములు ఎంత సూక్ష్మమైన వస్తువును పట్టించుకొనవలెనో 2009లో జర్మనీలో తేలెను. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశములలో దాదాపు నలువది నేరస్థలములలో ఒకే స్త్రీ డి.ఎన్.ఏ. దొరకెను. ఆమె కొరకు ఏండ్లు వెదకిరి. తుదకు ఆ డి.ఎన్.ఏ. నమూనా తీయుటకు వాడిన దూదిపుల్లలను తయారుచేసిన చోట పనిచేయు ఒక స్త్రీదని తెలిసెను. ఆ పుల్లలలో క్రిములు లేవు గాని డి.ఎన్.ఏ. కలదు. అట్టి సామగ్రి తయారీకై 2016లో ఐ.ఎస్.ఓ. 18385 అను ప్రత్యేక ప్రమాణము వెలువడెను. ఫోరెన్సిక్ శాస్త్రమంతటికి 21043 సంఖ్యతో ఒక ప్రమాణమాల 2018లో ఆరంభమై 2025 నాటికి, సేకరణము మొదలు నివేదిక వరకు విస్తరించెను.

అయినను ప్రమాణపత్రము గోడకు వ్రేలాడినంత మాత్రమున తప్పు జరుగదని అనరాదు. 2004లో మాడ్రిడు రైలు ప్రేలుళ్ల దర్యాప్తులో, 1998లోనే అర్హతాంగీకారము పొందియుండిన అమెరికా కేంద్ర పరిశోధక సంస్థ పరీక్షశాల, ఒరెగాను రాష్ట్రపు న్యాయవాది వ్రేలిముద్ర కలిసినదని ప్రకటించెను. న్యాయస్థానము నియమించిన స్వతంత్ర నిపుణుడును అవుననెను. స్పెయిను పోలీసులు ఆ ముద్ర వేరొకనిదని నిరూపించినప్పుడు గాని ఆ నిర్దోషికి విముక్తి కలుగలేదు. 2009లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ సమగ్ర నివేదిక ప్రకటించి, అర్హతాంగీకారమును నిర్బంధము చేయుమనియు, పరీక్షశాలలను పోలీసు అధికారము నుండి విడదీయుమనియు సూచించెను. మొదటి తీర్పును తెలియనివాడు స్వతంత్రముగా మరల పరీక్షించుటయే తప్పునకు మందు అను పాఠము ఆ కాలమున లోకము నేర్చుకొనినది.

7. మన దేశమున నేటి స్థితి

1988లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున లాల్జీ సింగ్ స్వదేశీయ డి.ఎన్.ఏ. ముద్రణ విధానమును నెలకొల్పెను. తెలుగుగడ్డ ఆ విద్యకు దేశమున కేంద్రమయ్యెను. అయినను డి.ఎన్.ఏ. పరీక్షశాలలకు అర్హతాంగీకారమును నిర్బంధము చేసి, నియంత్రణ మండలిని ఏర్పరచు బిల్లు 2019లో లోకసభలో ప్రవేశపెట్టబడి, 2023 జూలైలో ఉపసంహరింపబడెను. మరియొక వైపు, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్ష గల నేరములలో నిపుణుడు నేరస్థలమునకు వెళ్లి ఆధారములు సేకరింపవలెనని నూతన సంహిత 176వ సెక్షను విధించెను. దీని అమలునకు రాష్ట్రములకు ఐదేండ్ల వరకు గడువు కలదు. పరీక్షల సంఖ్య పెరుగుట నిశ్చయము. పరీక్షల యోగ్యత అంత వేగముగా పెరుగునా అనునది తీరని ప్రశ్న.

2025 జూలైలో సుప్రీంకోర్టు, తమిళనాడుకు చెందిన ఒక కేసులో మరణశిక్ష పొందిన వ్యక్తిని విడుదల చేయుచు డి.ఎన్.ఏ. నమూనాల విషయమున దేశమంతటికి ఆదేశములిచ్చెను. నమూనా 48 గంటలలో పరీక్షశాలకు చేరవలెను, విచారణ న్యాయస్థానము అనుమతి లేక దాని కట్టు విప్పరాదు, చేతులు మారిన ప్రతి దశను తెలుపు పట్టికను కేసు ముగియు వరకు నిలుపవలెను అనునవి వానిలో ముఖ్యములు. 1849లో లక్క ముద్రతో ఆరంభమైన ప్రశ్న నూటడెబ్బదియారేండ్ల పిమ్మట, ఆ మద్రాసు పరీక్షశాల వెలసిన తమిళనాటి కేసులోనే, ఒక మనిషి ప్రాణముతో ముడిపడి తిరిగి వచ్చినది.

8. భాష

తెలుగులో ప్రమాణమను మాటకు మూడర్థములు కలవు. కొలతకు ఆధారమైనది ప్రమాణము. సత్యజ్ఞానమునకు సాధనమైనది ప్రమాణము. బోనులో నిలిచి సాక్షి చేయునదియు ప్రమాణమే. అంతర్జాతీయ సంస్థలు మొదటి యర్థమును చక్కగా నెరవేర్చినవి. రెండవ యర్థము కొరకు శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. మూడవదానిలో మాత్రము కొరత నిలిచియున్నది. సాక్షి ప్రమాణము చేసినప్పుడు ఆ మాట ఎదుటివానికి అర్థము కావలెను. నివేదిక పత్రమగుటచే దానికి ఆ బాధ్యత నేటికిని పూర్తిగా లేదు. అనువాదము న్యాయస్థానపు విచక్షణకు లోబడియే యున్నది.

బరంపురములోను, బళ్లారిలోను, హోసూరులోను, షోలాపురములోను తెలుగువారు అల్పసంఖ్యాకులుగానో, పరభాషాధికార ప్రాంతమున బహుసంఖ్యాకులుగానో ఉన్నారు. అచ్చటి తెలుగు సంఘములు పాఠశాలలకొరకు, నామఫలకములకొరకు శ్రమించినట్లే ఈ విషయమునను శ్రమించుట యుక్తము. ఫోరెన్సిక్ నివేదికలలో వచ్చు పదములకు తెలుగు, ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ భాషలలో సమానార్థక కోశమును కూర్చుట, ఆ నివేదికను నిందితునికి, బాధితుని కుటుంబమునకు చదివి వినిపింపగల అనువాదకులను తయారుచేయుట, పరీక్షశాలకు ఆ పరీక్షలో అర్హతాంగీకారము కలదా అని అడుగుటను న్యాయవాదులకు అలవాటు చేయుట కష్టసాధ్యములు కావు. ఇంటింట ద్విభాషలు, త్రిభాషలు తెలిసిన ఈ సమూహములకంటె ఆ పనికి తగినవారు వేరెవ్వరును లేరు.